గిన్నెలో మిగిలిన ద్రాక్షారసం

ఆ ఆదివారం చర్చి గురువు జగన్నాధం అయ్యగారి కోరిక ఒక్కటే. గున్నమ్మ, జగ్గమ్మ రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల ముందరి కమ్మీ దగ్గర పక్కపక్కన మోకరించాలి.

గొడవ 1968 కోతపండగ నాడు మొదలైంది. రాజాం పక్క పల్లెలోని ఆ గుడిలో జనం దేవుడికి తెచ్చిన గుమ్మడికాయల్నీ, కోళ్లనీ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. జగ్గమ్మ తెచ్చిన పెట్టను ఆమె వదిన గున్నమ్మ పైకెత్తి చూసి, "దేవుడికి కునికే కోడినిచ్చీసినావేటే" అంది. అందరూ నవ్వారు. ఆ పెట్టకు ఎవరూ వేలం పాడకపోతే అయ్యగారే కొనుక్కున్నారు. ఆ రోజు నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. గుడిలో సగం మంది ఈమె చుట్టాలు, సగం మంది ఆమె చుట్టాలు.

అయ్యగారు రెండిళ్లకూ వెళ్లారు. రెండు చోట్లా టీ ఇచ్చారు, ప్రార్థన చేయించుకున్నారు, కోడి సంగతి ఎత్తితే లేచి దణ్ణం పెట్టారు. చివరికి ఆయన ప్రసంగంలోనే చెప్పేశారు. "పొరుగువారి మీద పగ ఉన్నవారు ప్రభువు బల్ల దగ్గరకు రాకూడదు. ముందు సమాధానపడి రండి." సిగ్గుపడి కలుస్తారనుకున్నారు.

మరుసటి ఆదివారం గుడి నిండింది. అయ్యగారు సంతోషించి, అందరికీ సరిపడా ద్రాక్షారసం గిన్నెలో పోసి ఆశీర్వదించారు. బిషప్ గారి ఊరి నుంచి సీసాల్లో వచ్చే రసం అది, బాగా పులిసింది. రమ్మని పిలిచారు. బడిపంతులమ్మ పద్మకుమారి వచ్చింది. గుడి ఊడ్చి గంట కొట్టే కూర్మయ్య వచ్చాడు. మిగతావాళ్లు కదల్లేదు. అయ్యగారి మాట విన్నామన్న తృప్తి రెండు వైపులా కనబడింది.

ఆశీర్వదించిన రసం గుడి దాటకూడదు, పారబోయకూడదు. మిగిలింది గురువే తాగాలి. బల్ల పుచ్చుకున్నవారిని సాయం పిలవవచ్చు. పద్మకుమారి తల అడ్డంగా ఊపింది. కూర్మయ్య ఒకడుగు ముందుకేశాడు. అతని చేత కల్లు మానిపించింది అయ్యగారే.

"నేనున్నాను కదండీ" అన్నాడు మెల్లగా.

"నువ్వెళ్లి గంట కొట్టు" అన్నారు అయ్యగారు.

బల్ల ముట్టేదాకా ఏమీ తినని అలవాటు ఆయనది. పరగడుపున గిన్నె ఖాళీ చేశారు.

చివరి పాట అయిపోయాక ఆయన మళ్లీ మొదటి చరణం అందుకున్నారు. జనాన్ని సాగనంపడానికి బయటికొచ్చి, గుమ్మం పట్టుకుని, మెట్టు మీద కూచుండిపోయారు. అటుగా పోతున్న కల్లు నూకయ్య కావడి దించాడు.

"ఏటండీ అయ్యగారూ, కల్లొద్దని సెప్పి మా బేరం సెడగొట్టి, తవరు మొదలెట్టినారేటి?"

ముందు గున్నమ్మ కదిలింది.

"నోర్ముయ్ నూకయ్యా. ఆయనకి పైత్యం సేసినాది. ఒసే జగ్గీ, సూస్తావేటి, మీ ఇల్లే దగ్గిర, మజ్జిగ తే."

జగ్గమ్మతో మాటల్లేవన్న సంగతి ఆమెకు తర్వాత గుర్తొచ్చింది. జగ్గమ్మ అప్పటికే సగం దారిలో ఉంది.

ఒకరు అయ్యగారి తల పట్టుకున్నారు, ఒకరు చెంబు పట్టుకున్నారు.

"అంతా నీ కోడి వల్లే" అంది గున్నమ్మ.

"నీ నోటి వల్ల. ఆ కోడి అయ్యగారింట గుడ్లు పెడతన్నాది వొదినా. అడుగు."

"పెడుతోంది" అన్నారు అయ్యగారు కళ్లు మూసుకునే. "పెద్ద గుడ్లు."

"అయితే ఆ రోజు దానికి నిద్ర సాల్లేదేటో" అంది గున్నమ్మ.

అంతకన్నా వదిన దిగదని జగ్గమ్మకు తెలుసు. అది చాలనుకుంది.

ఆ తర్వాత బల్ల పెట్టిన ఆదివారం ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. వాళ్ల వెనకే చుట్టాలందరూ లేచారు. జగ్గమ్మ ఒక చుక్క పుచ్చుకుని గిన్నె వదిలింది. గున్నమ్మ ఆమెను మోచేత్తో పొడిచింది.

"సరిగ్గా తాగే. ఆయనకి మిగల్సకు."