శాంత సంతకం

వకీలుకు కాగితాలు చూపిద్దాం అన్నందుకు మా మామ లస్మయ్య నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. కోరుట్లలో ఇల్లు కొంటున్నాం. అమ్మేది జలపతి, మా మామకు వరుసకు మేనల్లుడు. కొనే సొమ్ము నా భర్త మహేందర్ దుబాయిలో తొమ్మిదేళ్లు ఎండలో నిలబడి సంపాదించింది. ఇల్లొకటి చేతికొస్తే దసరాకు పూర్తిగా వచ్చేస్తానన్నాడు. నాకు ఇల్లు కన్నా ఆ మాటే ముఖ్యం.

"వకీలు దగ్గరికి కొట్లాట ఉన్నోళ్లు పోతరు. మనోని మీద నమ్మకం లేదని ఊరంత చాటుతవా?" అన్నాడు మామ.

"కాయిదాలు రాసే సాయన్న ఉన్నడు గదా. నువ్వు ఊకో రేణుకా," అన్నాడు ఫోన్‌లో మహేందర్.

ఊరుకున్నాను, నా ఖర్మ. రిజిస్ట్రేషన్ అయింది, పాలు పొంగించాం. నాలుగో నెలలో కోర్టు నోటీసు వచ్చింది. ఇబ్రహీంపట్నంలో ఉండే జలపతి చెల్లెలు శాంత కేసు వేసింది. తండ్రి కట్టిన ఇంట్లో తనకూ వాటా ఉందట, తన సంతకం లేకుండా అమ్మారట.

ఒళ్లు మండిపోయింది. నేరుగా జలపతి ఇంటికి పోయాను.

"చెల్లె సంతకం ఎందుకు పెట్టియ్యలే అన్నా?"

"ఒడిబియ్యం పోసిన, పట్టుచీర పెట్టిన. దాని వాటా గప్పుడే తీరింది. ఇంకేం సంతకం?"

దబాయించడం కాదు, నిజంగానే అట్లా నమ్ముతున్నాడు. అదే నాకు ఇంకా మంట. మా మామా, సాయన్నా అదే నమ్మారు కాబట్టే ఒక్కరూ అడగలేదు. మా అన్న నాకూ పోశాడు ఒడిబియ్యం. ఒళ్లో నాలుగు సేర్ల బియ్యం పడితే ఆడపిల్లకు పుట్టిల్లు తీరిపోతుందా? శాంతను తిట్టడానికి నోరు రాలేదు. జలపతిని సొమ్ము అడుగుదామంటే, ఆ సొమ్ముతోనే కొడుకును కువైట్ పంపేశాడు.

మరునాడు ఎవరికీ చెప్పకుండా జగిత్యాల బస్సెక్కి వకీలు దగ్గరికి పోయాను. ఆయన కాగితాలన్నీ తిరగేశాడు.

"కొనకముందు అచ్చుంటే ఆమె సంతకం పెట్టియ్యమని చెప్తుంటి. ఇప్పుడైతే ఏండ్లకేండ్లు తిరగాలె, లేకుంటే ఆమె వాటా ఇచ్చి రాజీ చేసుకోవాలె అమ్మా."

సాయంత్రం మహేందర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. వాటా ఎంతవుతుందో అడిగి, లెక్కేసుకుని అన్నాడు.

"దసరాకు అస్తలేను. ఇంకో రెండేండ్లు ఉండి ఆమె వాటా ఇచ్చేద్దాం. నువ్వు వకీలు దగ్గరికి పోయినవని నాయనకు చెప్పకు, మనసు కష్టపెట్టుకుంటడు."

అందరి మనసులూ చూసుకోవాల్సింది నేనే. తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్న నా మనసు మాత్రం ఎవరికీ పట్టదు. ఫోన్ పెట్టేసి, అరుగు మీద కూర్చున్న మామ ముందుకు పోయి నిలబడ్డాను.

"మీ కొడుకు రెండేండ్ల దాక అస్తలేడు మామా. నేను వకీలు దగ్గరికి పోయొచ్చిన," అని మొత్తం చెప్పేశాను.

ఆయన తల వంచుకుని విన్నాడు. విని, మెల్లగా అన్నాడు.

"గిట్లయితదని ముందుగాలనే గట్టిగ చెప్పద్దా బిడ్డా?"