తోడు ఎవరిది

మల్లాపూర్ కంపెనీలో పొద్దుటి షిఫ్టు దిగి, ముఖం కూడా కడుక్కోకుండా త్రివేణి నాచారం కాలేజీకి పరుగెత్తుకొచ్చింది. సెమినార్ హాలు గుమ్మంలోనే నాగచైతన్య అడ్డమొచ్చాడు. బయోటెక్నాలజీ చివరి సంవత్సరం, విద్యార్థుల క్లబ్బుకు అధ్యక్షుడు.

"త్రివేణీ, నువ్వు వెనక ఉండు. గెస్టులకి టీలు చూసుకో."

"అదేంది అన్నా? స్టేజీ మీద నన్ను గూడ నిలబెడ్తనన్నవ్ గదా?"

"నువ్వు బీకామ్ కదమ్మా. పైగా ఇంగ్లీషులో మాట్లాడాలి. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోవద్దట! ఏ బ్రాంచి వాళ్ళయినా రావచ్చు, ఈ క్లబ్బు అందరిదీ అని కాలేజీ గోడలన్నిటికీ అంటించింది ఈ పెద్దమనిషే. అది నమ్మే వచ్చింది ఈ పిల్ల. అద్దకం నీళ్ళలోని రంగును తినేసే సూక్ష్మజీవులను పెంచడం వాళ్ళ పని. పాత సీసాలోంచి కొత్త సీసాలోకి నాలుగు చుక్కలు వేసిన రోజు "తోడేసిన అన్నా" అంది త్రివేణి. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పెరుగమ్మాయి అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకు క్లబ్బు పేరే "తోడు" అయింది. సెలవుల్లో అందరూ ఊళ్ళకు పోతే, ఆ సీసాను లాలాపేటలో తమ ఒంటిగదిలో పెట్టుకుని కాపాడింది త్రివేణే.

హాలు నిండింది. జ్యోతి వెలిగించే బదులు, అతిథిగా వచ్చిన శాస్త్రవేత్త చేత గాజు తొట్టెలోని ఎర్రనీళ్ళలో తోడు వేయించాలని ఏర్పాటు. చైతన్య ఇంగ్లీషులో మొదలుపెట్టి, కళ్ళు తుడుచుకోవాల్సిన చోట తెలుగులోకి దిగాడు.

"ఈ పేరు మా అమ్మమ్మ ఇచ్చింది మేడమ్. రోజూ పాలు తోడుపెడుతూ ఆ మాట అనేది. నా మనసులో నాటుకుపోయింది."

చప్పట్లు మోగాయి.  వీణ్ణి ఊరికే వదలకూడదు అనుకుంది త్రివేణి. టీ ట్రే పక్కన పెట్టి, బల్ల మీది తోడు సీసా తీసుకుంది.

"త్రివేణీ, తోడు తీసుకురా" అని మైకులోనే పిలిచాడు చైతన్య.

ఆమె వేదిక ఎక్కింది. అతిథి నవ్వుతూ చెయ్యి చాపింది. తోడడిగిన మనిషిని త్రివేణి తల్లి కౌసల్యమ్మ ఏనాడూ ఉత్తచేతులతో పంపలేదు.

"ఇయ్య" అంది త్రివేణి.

"ఏంటి?" చైతన్య మైకు పట్టుకునే ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇయ్యనంటున్న. మీ అమ్మమ్మనడుగు చైతన్యా, ఆమె ఇస్తది."

మైకు ఆ మాటను హాలంతా వినిపించింది. అతిథి చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.