విన్నవారి సంతకం

చట్టసభల ముద్రణ విభాగంలో ఆవిడను ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఫుల్‌స్టాపమ్మ అంటారు. ముఖం మీదే అంటారు, ఆవిడ పలుకుతుంది. బిల్లుల అచ్చుప్రతులను పైకి చదివి సరిచూడటం ఆవిడ ఉద్యోగం. ఆ చదవడంలో మాటలతో పాటు కామాలు, బ్రాకెట్లు, ఫుల్‌స్టాపులు కూడా నోటితో చెప్పాలి. ఇరవై రెండేళ్లు అలా అలవాటైన నోరు ఆఫీసు దాటగానే ఊరుకుంటుందా? ఓసారి కూరగాయల కొట్లో "అరకిలో వంకాయలు, కామా, పావుకిలో టమాటాలు, ఫుల్‌స్టాప్" అనేసింది. కొట్టువాడు నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆ రోజు మొత్తానికి ఆవిడతో మాట్లాడిన మనిషి అతనొక్కడే.

నిజానికి అది ఒక్కరు చేసే పని కాదు. ఒకరు అసలు ప్రతి పట్టుకుని చదువుతారు. ఎదురు కుర్చీలో ఇంకొకరు అచ్చుప్రతి మీద వేలు పెట్టుకుని వింటారు. లైను సరిపోతే వినేవారు "ఊఁ" అనాలి. ఊఁ అన్నాకే చదివేవారు కింది లైనుకు దిగాలి. అంతా అయ్యాక ఒక ఫారం మీద రెండు గళ్లలో ఇద్దరూ సంతకాలు చేయాలి. ఒక గడి మీద "చదివినవారు" అని, రెండో దాని మీద "విన్నవారు" అని ఉంటుంది. ఆ రెండూ పడందే ఏ బిల్లూ సభ గడప తొక్కదు.

ఎదురు కుర్చీలో పందొమ్మిదేళ్లు వదిన కూర్చుంది. చుట్టరికం ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్న దాని మీద ఇద్దరూ రెండు వారాలు కొట్లాడుకుంటే, "వదినా మరదళ్లు బాగా దొరికారు" అని ఎవరో అన్నారు. కొట్లాట పోయింది, పిలుపు మిగిలింది. వదిన ఊఁ అంటే అందులో వంద రకాలు. లైను సరిగ్గా ఉంటే ఒక ఊఁ. సరిగ్గానే ఉన్నా బుద్ధి లేకుండా రాశారనుకుంటే ఇంకో ఊఁ. మంత్రుల జీతాల బిల్లు చదివినప్పుడు ఆవిడ పలికిన ఊఁలు బయట పడితే ఉద్యోగాలు ఊడేవి.

మూడేళ్ల క్రితం వదిన రిటైరైంది. అప్పటికే చూపు మందగించింది, ఆ మరుసటి ఏడు పూర్తిగా పోయింది. ఆ కుర్చీలోకి ఎవరినీ వేయలేదు. కంప్యూటర్ వచ్చాక ఇంకో మనిషి దేనికన్నారు పైవాళ్లు. ఫారం మాత్రం పాతదే. కాబట్టి ఫుల్‌స్టాపమ్మ ఎడమచేతి వేలు అసలు ప్రతి మీద, కుడిచేతి వేలు అచ్చుప్రతి మీద పెట్టుకుని ఖాళీ కుర్చీకి చదువుతుంది. సాయంత్రం సూపరింటెండెంటు వచ్చి, ఒక్క ముక్క వినకుండా, విన్నవారి గడిలో సంతకం గీకి పోతాడు. మంచివాడే. మంచివాళ్లు ఇలాంటివి ఎన్ని చేస్తారో లెక్కలేదు.

ఆవిడకు ఆదివారాలు మిగిలాయి. రైల్వే స్టేషను దగ్గర ముప్ఫై ఒకటో నంబరు బస్సెక్కితే, నీళ్ల ట్యాంకు మీదుగా గంటన్నరకు పాత క్వారీ చేరుతుంది. రాళ్లు అయిపోయి క్వారీ మూతపడి చాలా కాలమైంది. ఓ ముప్ఫై ఇళ్లు ఉన్నాయి, అందులో చివరిది వదినది. భర్త కట్టిన ఇల్లు. ఏ గుమ్మం ఎత్తెంతో, ఏ గోడకు మేకుందో ఆ ఇంట్లో వదిన కాళ్లకూ చేతులకూ తెలుసు. ఇంకెక్కడికెళ్లినా తను మళ్లీ గుడ్డిదాన్నవుతానంటుంది. ఆ గుంటలో ఫోను సిగ్నల్ ఉండదు. అద్దెకార్ల వాళ్లు ఆ ఊరి పేరు వింటేనే ఫోను పెట్టేస్తారు. ఉన్నదల్లా ఆ బస్సు.

ఫుల్‌స్టాపమ్మ వారం వారం వార్తాపత్రిక పట్టుకెళ్లి కామాలతో సహా చదివి వినిపిస్తుంది. వదిన గోడకానుకుని ఊఁ కొడుతుంది. ఇద్దరూ వేరే కబుర్లు పెద్దగా చెప్పుకోరు. తిరుగు బస్సులో మాత్రం ఫుల్‌స్టాపమ్మ కడుపు నిండిన మనిషిలా కూర్చుంటుంది.

ఇలా ఉండగా గాలి బిల్లు వచ్చింది. అది మామూలు చట్టం కాదు, రాజ్యాంగ సవరణ. పౌరులందరికీ శుభ్రమైన గాలి పీల్చే హక్కు ఉంటుంది. డీజిల్ బస్సులన్నీ ఆగిపోయి వాటి బదులు కరెంటు బస్సులు వస్తాయి. బిల్లు చివరి అనుబంధంలో రాసిన ప్రతి దారిలోనూ రోజుకు నాలుగుసార్లు బస్సు నడపడం ప్రభుత్వం బాధ్యత. మామూలు చట్టంలో పెడితే తర్వాత వచ్చినవాడు పీకేస్తాడని రాజ్యాంగంలోనే పెట్టారు. అనుబంధంలో ఎక్కిన దారి జోలికి ఇక ఏ మంత్రీ రాలేడు. ఎక్కని దారిలో మూడు నెలలు పోయాక బస్సే ఉండదు.

నాలుగు వందల పైచిలుకు దారులు. కమిటీవాళ్లు చివరి రోజు దాకా కొన్ని కలుపుతూ, కొన్ని తీసేస్తూ వచ్చారు. మొత్తం ఎన్నో చివరికి ఎవరికీ గుర్తు లేదు. ఫుల్‌స్టాపమ్మ రెండు రోజులు గొంతు ఎండేలా చదివింది. పదిహేడో పేజీలో ఆ లైను వచ్చినప్పుడు ఆవిడకు ఒళ్లు పులకరించింది. "రైల్వే స్టేషను నుంచి, కామా, నీళ్ల ట్యాంకు మీదుగా, కామా, పాత క్వారీ వరకు, ఫుల్‌స్టాప్." ఖాళీ కుర్చీలోంచి వదిన ఊఁ అన్నట్టే అనిపించింది. చదివినవారి గడిలో సంతకం పెట్టింది.

శుక్రవారం దిగువసభలో బిల్లు నెగ్గింది. కావలసిన దానికన్నా రెండే ఓట్లు ఎక్కువ. ఆదివారం పత్రికకు బదులు బిల్లు ప్రతినే సంచిలో పెట్టుకుని బయల్దేరింది ఫుల్‌స్టాపమ్మ.

"వదినా, నీ బస్సు రాజ్యాంగంలోకెక్కింది. ఇంక దాన్ని కదిపే మొనగాడు లేడు."

"ఏదీ, చదువు చూద్దాం. మొదట్నుంచీ చదువు, మధ్యలోంచి కాదు."

మొదటి నుంచీ చదివింది. వదిన ఊఁ, ఊఁ అంటూ వస్తోంది. గాలి హక్కు దగ్గర పొడుగ్గా ఒక ఊఁ. మంత్రుల కార్లకు మినహాయింపు దగ్గర పాత రకం ఊఁ. ఇద్దరూ నవ్వుకున్నారు. పదిహేడో పేజీ వచ్చింది. "రైల్వే స్టేషను నుంచి, కామా, నీళ్ల ట్యాంకు మీదుగా, కామా, పాత క్వారీ వరకు, ఫుల్‌స్టాప్" అని ఆగింది.

వదిన ఊఁ అనలేదు.

"ఏం వదినా, వినపడలేదా?"

"వినపడింది. ఆ లైను కాగితం మీద ఉందా?"

"లేకపోతే ఎలా చదువుతాను?"

"నువ్వు చదవలేదే పిల్లా, అప్పజెప్పావు. చదివేటప్పుడు నువ్వు కామా దగ్గర ఊపిరి పీలుస్తావు. ఇప్పుడు పీల్చలేదు. వేలు పెట్టి చూడు."

ఫుల్‌స్టాపమ్మ వేలు పెట్టి చూసింది. రైల్వే స్టేషను నుంచి, నీళ్ల ట్యాంకు మీదుగా, కొత్త క్వారీ వరకు. అది కొండకు అవతల ఉన్న వేరే ఊరు. దాని పైన గానీ కింద గానీ పాత క్వారీ లేదు. రెండు లైన్లూ ఒకేలా ఉండటంతో టైపు చేసినవాడు ఒకటి ఎగరగొట్టాడు. దాన్ని పట్టుకోవడానికే ఆవిడకు ఉద్యోగం ఇచ్చారు. మిగిలిన నాలుగు వందల లైన్లనూ కళ్లతో చదివింది. ప్రాణమంతా పెట్టుకున్న ఆ ఒక్క లైనును మాత్రం చూడనే లేదు, కంఠతా వచ్చు కాబట్టి నోటితో అనేసింది. ఎదుటి కుర్చీలో మనిషి ఉంటే ఊఁ అనేది కాదు, అక్కడే దొరికిపోయేది.

ఆవిడ ప్రతి మూసేసింది. గొంతు తగ్గించి, "వదినా, ఎగువసభకు ప్రతులు రేపు మధ్యాహ్నం కుట్టి పంపుతారు" అంది. "పదిహేడో పేజీ ఒక్కటి మళ్లీ వేయిస్తే చాలు. ప్రెస్సులో నా మాట కాదనరు. కమిటీవాళ్లు రాసింది ఆ లైనుతోనే కదా. ఎవడు చూస్తాడు?"

"దిగువసభ ఒప్పుకుంది దేనికి? ఆ లైను లేని కాగితానికి. నా బస్సు కోసం వాళ్ల నోట్లో నీ మాట కుక్కుతావా? ఇవాళ నువ్వు ఒక బస్సును దూరుస్తావు. రేపు ఇంకొకడు ఇంకోటి దూరుస్తాడు. పందొమ్మిదేళ్లు ఆ కుర్చీలో నేనేం చేశానే మరి, కునుకు తీశానా?"

"బస్సు లేకపోతే నేనెలా వస్తాను?"

వదిన బిల్లు ప్రతిని తడిమి ఆవిడ చేతిలో పెట్టింది. "తప్పు రాసిచ్చెయ్. రాసి ఉంటే ఎప్పుడైనా ఎవడైనా దిద్దుతాడు. లేకపోతే ఇక్కడొక ఊరుందని కూడా ఎవరికీ తెలియదు" అంది.

సోమవారం పొద్దున్నే ఫుల్‌స్టాపమ్మ సభా కార్యదర్శి గదికి వెళ్లింది. ఆయన విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇప్పుడు ఒక్క అక్షరం మార్చినా బిల్లు మళ్లీ దిగువసభకు పోవాలి. ఆ రెండు ఓట్లు అప్పుడే జారిపోయాయి. బిల్లు చచ్చిపోతుంది. ముప్ఫై ఇళ్ల కోసం దేశం మొత్తాన్నీ పొగ పీల్చమంటారా?"

"మార్చమనడం లేదు సార్. తప్పు జరిగిందని రాసిస్తాను. తీసుకోండి."

"మీకింకా ఆరేళ్ల సర్వీసుంది. ఎందుకు తల్లీ?"

బయట వరండాలో సూపరింటెండెంటు కాచుకుని ఉన్నాడు. "అక్కా, నా సంతకం కూడా ఉంది కదా దాంట్లో. పిల్లలు గలవాణ్ని" అన్నాడు. ఆవిడకు జాలేసింది. కోపం కూడా వచ్చింది. మూడేళ్లలో ఒక్క పూట ఆ కుర్చీలో కూర్చుని ఉంటే ఇద్దరికీ ఈ గతి పట్టేది కాదు. "నీ గురించి నేనేమీ రాయను తమ్ముడూ" అంది. "ఎవరు విన్నారన్నది మాత్రం అబద్ధం రాయలేను."

బుధవారం ఎగువసభలో ఓటింగుకు ముందు అధ్యక్షుడు ఆవిడ రాసిచ్చిన కాగితాన్ని చదివాడు. అచ్చుతప్పు ఉందని ఎవరైనా రాసిస్తే సభలో చదవాలన్న నియమం ఉంది కాబట్టి చదివాడు. ఫుల్‌స్టాపమ్మ ఉద్యోగుల గ్యాలరీలో నిలబడి విన్నది. చదవడం అయ్యాక ఆయన తలెత్తి ఒక క్షణం ఆగాడు.  సభలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఓటింగు మొదలైంది, బిల్లు నెగ్గింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. బిల్లు మంచిదే. తనకూ ఆ గాలే కావాలి. ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. కొడుతూనే ఏడ్చింది. పక్కనున్నవాళ్లు సంతోషం అనుకున్నారు.

ఆవిడకు ఒక హెచ్చరిక లేఖ వచ్చింది. సూపరింటెండెంటు ఆ మర్నాటి నుంచి పలకరించడం మానేశాడు. ఎదురు కుర్చీని గోదాములోకి తీసుకుపోయారు.

మూడు నెలలూ పన్నెండు ఆదివారాల్లో అయిపోయాయి. చివరి ఆదివారం ముప్ఫై ఒకటో నంబరులో డ్రైవరు కాక ఆవిడొక్కతే. పాత క్వారీలో దిగేటప్పుడు డ్రైవరు, "అమ్మా, సరిగ్గా నాలుగింటికి బయల్దేరతాను. ఇది పోతే ఇంక రాదు" అన్నాడు. ఆ సంగతి ఆవిడకు చెప్పాలా!

వదిన గోడకానుకుని కూర్చుంది. పత్రిక అంతా చదవడం అయింది, వాతావరణంతో సహా. నాలుగుకు ఇంకా పది నిమిషాలుంది. "ఇంకేం తెచ్చావు?" అంది వదిన.

ఫుల్‌స్టాపమ్మ సంచిలోంచి, కింద అవే రెండు గళ్లు గీసి తను రాసిచ్చిన కాగితం నకలు తీసింది. వేలు పెట్టుకుని, కామా కామాకూ ఊపిరి పీలుస్తూ చదివింది. "అనుబంధం పదిహేడో పేజీలో, కామా, రైల్వే స్టేషను నుంచి పాత క్వారీ దారి అచ్చులో తప్పిపోయింది, ఫుల్‌స్టాప్."

"ఊఁ."

"అక్కడ ముప్ఫై ఇళ్లు ఉన్నాయి, ఫుల్‌స్టాప్."

"ఊఁ."

"ఈ తప్పు నాది, ఫుల్‌స్టాప్."

వదిన కొంచెం ఆగింది. "ఊఁ" అంది.

"చదివినవారు, నేను, ఫుల్‌స్టాప్. విన్నవారు..." ఫుల్‌స్టాపమ్మ చెంబు అందుకుంది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. "విన్నవారు, ఎవరూ లేరు, ఫుల్‌స్టాప్."

ఆ లైనుకు వదిన ఊఁ అనలేదు. చేత్తో తడుముకుంటూ కాగితం అందుకుంది. "కలముందా? ఆ గడి ఎక్కడో నా వేలు పెట్టు" అంది.

ఫుల్‌స్టాపమ్మ ఆవిడ వేలు పట్టుకుని గడి మీద పెట్టింది. వదిన పందొమ్మిదేళ్లు పెట్టిన సంతకమే పెట్టింది, గీత దాటి కాస్త కిందికి జారింది. బయట డ్రైవరు హారను కొట్టాడు.

"లే పిల్లా, బస్సు పోతుంది" అంది వదిన.