డాలర్లిచ్చి యూరోలు, యూరోలిచ్చి డాలర్లు

ఓడల్లో వంట చేసి చేసి, ఓపిక తగ్గాక ఒడ్డెక్కిన మనిషాయన. వీధిలో అందరికీ ఓడ బాబాయ్. పేరు పెట్టడమే గానీ ఆగి పలకరించే నాథుడు లేడు. పెళ్లీ పెటాకులూ లేవు, ఉన్నదల్లా ఒంటిగది. ఓడంతటికీ వండిన చెయ్యి కదా, ఒక్కడికి సరిపడా వండటం చచ్చినా రాదు. పొద్దున వండింది రాత్రికి కూడా మిగిలిపోయేది.

అలాంటి మనిషి రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నోట్లు మార్చే కొట్టుకి బయల్దేరేవాడు. జీతంలో దాచుకున్న డాలర్లిచ్చి యూరోలు తీసుకునేవాడు. మర్నాడు ఆ యూరోలే ఇచ్చి డాలర్లు అడిగేవాడు. ఆ కొట్టులో కొనే ధర ఒకటి, అమ్మే ధర ఒకటి. ఎటు తిప్పినా కొంత కొట్టువాడికే. వాడే కొద్దీ సబ్బు అరిగినట్టు డబ్బు అరిగిపోతోంది. ఆయనకి తెలీదా? నిక్షేపంగా తెలుసు! కానీ అద్దం వెనకాల కూర్చున్న అమ్మాయి నోట్లు లెక్కపెడుతూ, "ఏం బాబాయ్, ఏమైనా తిన్నారా?" అని అడుగుతుంది. రోజు మొత్తం మీద ఆయన్ని ఎవరైనా అడిగే మాట అదొక్కటే.

ఒకరోజు ఆ అమ్మాయి ఇబ్బందిగా మొహం పెట్టింది.

"బాబాయ్, మాటిమాటికీ మార్చేవాళ్లని ఎందుకో అడిగి తీరాలట. పైవాళ్లు గట్టిగా చెప్పారు. ఏం పనిమీద మారుస్తున్నారు?"

ఆయన నీళ్లు నమిలాడు. "ప్రయాణాలు..."

"ఎక్కడికి? రోజూ ఇక్కడే కనపడుతున్నారుగా!"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనకి ఒళ్లు మండింది.

"ఏ పనీ లేదు! ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు. నువ్వు పలకరిస్తావని వస్తున్నాను. చాలా?"

నవ్విన నోరు టక్కున మూతపడింది. అమ్మాయి ఆ నోట్లు తీసుకోనే లేదు.

"అయ్యో రామ! దానికి డబ్బు తగలేసుకోవడం ఎందుకు బాబాయ్? ఊరికే రండి. ఆ బెంచీ మీద కూర్చోండి, మాట్లాడుకుందాం."

మర్నాడు ఆయన జేబులో చిల్లిగవ్వ పెట్టుకోకుండా వెళ్లి, పెళ్లివారింటికొచ్చినట్టు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. అమ్మాయి చూసి నవ్వింది. "ఒక్క నిమిషం బాబాయ్" అంది. వరస తరగలేదు. ఒకరు పోతే ఇద్దరొచ్చారు. ప్రతివాళ్లనీ నోరారా పలకరించింది, లెక్కపెట్టింది, పంపించింది. ఆ పిల్లని తప్పుపట్టడానికేం లేదు. వరస కదలకపోతే యజమాని ఊరుకోడు. వరసలో నిలబడ్డవాడికి ఎప్పటికైనా వంతొస్తుంది, బెంచీ మీద కూర్చున్నవాడికి ఎందుకొస్తుంది? కొట్టు మూసే వేళకి ఆయన లేచి చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయాడు. ఇంట్లో కూర్చుని ఒంటరిగా ఉండటం ఆయనకి అలవాటే. అంతమంది మధ్య కూర్చుని ఒంటరిగా ఉండటం మాత్రం ఆయన వల్ల కాలేదు.

ఆ మర్నాడు డాలర్లు పట్టుకుని వరసలో అందరికంటే చివర నిలబడ్డాడు. వంతు రాగానే అమ్మాయి నొచ్చుకుంది.

"మళ్లీ డబ్బెందుకు తెచ్చారు బాబాయ్? ఊరికే రమ్మన్నానుగా!"

"ఊరికే వస్తే నీకు తీరిక దొరకడం లేదు తల్లీ," అన్నాడాయన నోట్లు అద్దం కిందినుంచి లోపలికి తోస్తూ. "యూరోలివ్వు. నెమ్మదిగా లెక్కపెట్టు, నా వెనకాల ఎవరూ లేరు."