కాలువలో గుడ్డ కర్రలు

సంగటి కుండ మూతకు బొగ్గు మసి అంటుకుని ఉండటం చూసి అంకాలమ్మ గొంతు పెంచింది. మనవరాలు చెంచమ్మ ఆ మూతను నేల మీద బోర్లించి, చుట్టూ బొగ్గుతో గీత గీసి, ఆ సున్నాను లెక్క కోసం ముక్కలు చేసుకుంటూ కూర్చుంది. అన్నం మీద పెట్టే మూత నేల మీద పొర్లడం ఏ ఇంట్లో అయినా ఉందా అని ముసలామె అడిగింది. కడిగి పెడతాలే అత్తా అంది కోడలు మస్తానమ్మ. కడిగినా బొగ్గు వాసన పోదని అత్త, బొగ్గుకు వాసన ఎక్కడిదని కోడలు. మాట మీద మాట పెరిగి కిందటేడు పగిలిన ఉప్పు జాడీ దాకా పోయింది.

గుమ్మంలో వల కుట్టుకుంటున్న మాల్యాద్రి తల ఎత్తకుండానే, ఆ మూత ఇటు పడేస్తే నెత్తిన పెట్టుకుంటానని, ఎండన్నా ఆగుతుందని అన్నాడు. మామూలు రోజైతే తల్లీ పెళ్లామూ ఇద్దరూ నవ్వేవాళ్లు. ఆ రోజు నవ్వు రాలేదు. రొయ్య దిగే కాలంలో, ఆ పొద్దున, మగవాడు ఇంటి గుమ్మంలో కూర్చుని ఉండటమే ఇద్దరికీ భయంగా ఉంది. తగవు పడింది కూడా ఆ భయం పైకి చెప్పుకోలేకే.

సముద్రం నుంచి పులికాట్ సరస్సులోకి రొయ్య వచ్చే కాలువ వాళ్ల వైపు ఒక్కటే. దాని మీద రెండు కుప్పాలకు, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లెలకు, వంతు. వంతు వచ్చినప్పుడు ఆ కుప్పం పెద్ద, అవతలి కుప్పం పెద్ద చూస్తుండగా, కాలువలో గుడ్డ కట్టిన కర్రలు నాటుతాడు. అవి ఉన్నన్నాళ్లూ కాలువ వాళ్లది. నాటినవాళ్లే వాటిని పీకాలి. ఇంకొకరు చెయ్యి వేస్తే ఆ చెయ్యి మిగలదని అనేవాళ్లు. అది ఊరికే అనే మాట కాదు.

ఆ యేడు పాత వంతు అయిపోయి కర్రలు తీసేశారు. కొత్త వంతుకు పెద్దలిద్దరూ ఇంకా కలవలేదు. ఆ మధ్యలో ఒక పొద్దున కాలువలో తెల్లగుడ్డల కర్రలు కనిపించాయి. నాటింది అవతలి వాళ్లని ఇవతలి కుప్పం, ఇవతలి వాళ్లని అవతలి కుప్పం. పడవలు ఒడ్డుకు లాగేశారు. కళ్ల ముందే రొయ్య పోతుంటే ఇరువైపులా మగవాళ్లు ఒడ్డున కూర్చుని చూస్తున్నారు. అవతలి కుప్పానికి ఇచ్చిన ఆడపిల్లలు పుట్టింటికి రావడం మానేశారు. నీళ్లకు ఆ పక్కన పట్టపగలే పొగ లేస్తోంది, ఈటె మొనలు కాలుస్తున్నారని చెప్పుకున్నారు. ఈ పక్కన తెడ్ల అంచులు పదును పెడుతున్నారు. చిన్నపిల్లలు కూడా కర్రలు పట్టుకుని రెండు జట్లుగా ఆడుతున్నారు. వద్దని ఎవరూ కేకలెయ్యడం లేదు.

మస్తానమ్మ ఇంటి వెనక కూర్చుని మూతను ఇసకతో తోముతుంటే చెంచమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చిన్నగా చెప్పింది.

"అమ్మా, కాలవలో కర్రలు మా బడివి."

మస్తానమ్మ తోమడం ఆపి, అదెట్లాగని అడిగింది.

జిల్లా పరిషత్తు వాళ్లు హైస్కూలు పెట్టి రెండు మూడేళ్లే అయింది. అందులో సైన్సు చెప్పే కామాక్షయ్య మాస్టారిది కోవూరు పక్క పల్లె. వచ్చిన పాఠాన్నే మళ్లీ వింటూ కూర్చుంటే చురుకైన బుర్ర మొద్దుబారిపోతుందని ఆయన పట్టుదల. అట్లాంటి పిల్లల్ని కొందరిని ఏరి, శనివారం మధ్యాహ్నాలు పుస్తకంలో లేని పని చేయించేవాడు. ఎవరి ప్రశ్న వాళ్లదే, జవాబు కూడా వాళ్లే వెతుక్కోవాలి. ఎండలు ముదిరేకొద్దీ కాలువ ఎంత పూడుతుందన్నది చెంచమ్మ ప్రశ్న. ఆ కొలతలు చూసి, వేసవిలో నెల్లూరు కాలేజీలో జిల్లా పిల్లలకు పెట్టే నెల రోజుల తరగతికి ఆ బడి నుంచి ఆమెను ఒక్కదాన్నే ఎంచారు. నీళ్లకు కొలత పెట్టే అయ్యవారు రేపు గాలికి తూకం పెడతాడని మాల్యాద్రి ఎగతాళి చేసేవాడు గానీ, పంపనని ఎన్నడూ అనలేదు.

చెంచమ్మ కుప్పం పిల్ల. కర్ర అంటే ఏమిటో తెలుసు. అందుకే గంట్లు పెట్టిన పొట్టి కర్రలు, నీళ్ల పైకి తేలకుండా నాటుకుంది. ఆమె జ్వరంతో పడుకున్న శనివారం మాస్టారు మిగతా పిల్లలతో వెళ్లి చూస్తే అవి కనబడలేదు. వాళ్లెవరూ కుప్పం పిల్లలు కారు. వంతు లేని మధ్యాహ్నం, ఒడ్డున కూడా ఎవరూ లేరు. ఆయన పొడుగాటి కర్రలు తెప్పించి, గంట్లు పెట్టి నాటించి, దూరానికి కంటికి ఆనేటట్టు తన పాత పంచె చించి కట్టించాడు. వరి మళ్ల మధ్య పెరిగిన మనిషి. ఆయన ఊళ్లో గుడ్డ కట్టిన కర్ర పిట్టల్ని తోలేదానికి.

మస్తానమ్మ చెయ్యి కడుక్కుని నేరుగా మాస్టారి ఇంటికి నడిచింది. గుడ్డ కర్ర అంటే కుప్పాల్లో ఏమిటో ఆమె చెబితేనే ఆయనకు తెలిసింది. ఇప్పుడే పోయి రెండు కుప్పాల వాళ్లకూ చెప్పేస్తానని చొక్కా వేసుకోబోయాడు. ఈయన్ను ఎవరు నమ్ముతారు, అనుకుంది మస్తానమ్మ. ఇవతలి కుప్పం బడిని అడ్డం పెట్టుకుందని అవతలివాళ్లు అంటారు. ఒక దెబ్బ పడితే ఈయన మూటా ముల్లే కట్టుకుని పోతాడు. శనివారాలూ పోతాయి, నెల్లూరూ పోతుంది. ఇంటాయనతో మాట్లాడేదాకా గడప దాటొద్దని చెప్పి ఆమె వెనక్కి వచ్చింది.

దారిలో కాలువ వైపు చూడకుండా నడవలేకపోయింది. తెల్లగుడ్డలు ఎండలో మెల్లగా ఊగుతున్నాయి. వాటి చుట్టూ నీళ్లలో ఒక్క మనిషి లేడు, పిట్ట కూడా వాలడం లేదు. అవతలి ఒడ్డున మాత్రం నిన్నటి కంటే ఎక్కువ మంది నిలబడి ఉన్నారు. అందరూ ఇటే చూస్తున్నారు.

ఇల్లు చేరేసరికి ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. కర్రలు పిల్లవేనని, తెలియక చేసిందని, దాన్ని తీసుకుపోయి తమ కుప్పం పెద్ద కాళ్ల మీద పడెయ్యాలి. ఇక బడి గడప తొక్కదని ఒట్టు పెట్టాలి. ఆడపిల్లకు అంత చదువెందుకని మొదటినుంచీ గొణిగే మనిషి ఆయన, ఆ ఒట్టుతో చల్లబడతాడు. తర్వాత పిల్ల మొహం ఎట్లా చూడాలన్నది తర్వాతి మాట.

పొద్దు వాలకముందే సంగటి వడ్డించింది. తాజా చేప లేక ఎండుచేపల పులుసు. నలుగురూ కూర్చున్నారు. ఆమె నోరు తెరవబోతుంటే మాల్యాద్రి ముద్ద తుంచుతూ అన్నాడు.

"పిల్ల నాకు చెప్పింది. రేపు పొద్దున ఆ కర్రలు నేనే నాటినానని చెప్తా."

అంకాలమ్మ కంచం పక్కకు నెట్టింది. వంతు లేకుండా నాటినవాడు రెండు కుప్పాలూ చూస్తుండగా వాటిని పీకి, భుజాన వేసుకుని, ఒంటరిగా అవతలి కుప్పానికి పోయి అప్పజెప్పాలి. అక్కడ ఏం చేస్తారన్నది వాళ్ల ఇష్టం. ఇవతలి వాళ్లు అడగకూడదు. అంకాలమ్మ తోడబుట్టిన అన్న ఒకప్పుడు అట్లాగే పోయి, నడవలేక పాకుతూ వచ్చాడు. మళ్లీ తెడ్డు పట్టలేదు.

"నువ్వు నాటలేదు గదయ్యా," అంది మస్తానమ్మ.

"పిల్ల నాటిందంటే రేపట్నుంచి ఒక్క బిడ్డను బడికి పోనీరు. అయ్యవారు నాటినాడంటే తగవు తెగదు. నేను నాటినానంటే అది మామూలు తప్పు. దానికి మామూలు శిక్ష ఉండాది." ముద్ద పులుసులో అద్దాడు. "హజరత్తయ్య ఆ కుప్పానికి పెద్ద. నన్ను చిన్నప్పట్నుంచి ఎరుగును."

ఎరిగినవాళ్ల దెబ్బే గట్టిగా ఉంటుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

చెంచమ్మ తల వంచుకునే అడిగింది. "నాయినా, పీకే ముందు నీళ్లు ఏ గంటు దాకా ఉండాయో చూస్తావా?"

పిల్లను కొట్టాలో దగ్గరికి తీసుకోవాలో మస్తానమ్మకు తెలియలేదు.

"చూస్తా," అన్నాడు మాల్యాద్రి. "అయితే నేను తిరిగొచ్చేసరికి నువ్వు ఇక్కడ ఉండకూడదు, నన్ను చూస్తే నిజం బయట పెట్టేస్తావు. తెల్లారే బస్సుకు అయ్యవారితో నెల్లూరు తరగతికి పోతాండావు. మీ అమ్మ కూడా నీతో వస్తాది."