జీపు కింద చుక్క

అప్పటికే యలమంద జీపు కిందికి నడుం దాకా దూరి ఉన్నాడు. యూరియా సంచి పరుచుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని, డీజిల్లో ముంచిన గుడ్డతో ఇంజను అడుగు తుడుస్తున్నాడు. తుడవడం, పిండడం, మళ్లీ తుడవడం. నల్లటి చారలు మోచేతుల మీదుగా చంకల దాకా పాకాయి. ఒక చమురు బొట్టు సరిగ్గా కనుబొమ మీద పడింది. భుజంతో రుద్దుకున్నాడు.

"పడవే, పడు. నీ పుట్టిల్లు యాడో ఇయ్యాల తేల్చకపోతే చూడు" అన్నాడు ఇంజనుతో.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. అరవై దాటినా జుట్టు పూర్తిగా నెరవలేదు. కాలువ గట్ల మీద ముప్పై ఏళ్లకు పైగా తిరిగిన ముఖం ఎండకు కమిలి, చింతపండు రంగుకు వచ్చింది. కుడి చెయ్యి ఎడమ చేతి కన్నా నల్లగా ఉంటుంది, కిటికీ అంచున పెట్టుకుని నడిపీ నడిపీ. సాగర్ కాలువల మీద ఇంజనీర్లను తిప్పిన సర్కారు జీపు డ్రైవరు అతను. ఎంతమంది ఇంజనీర్లు వచ్చి వెళ్లారో అతనికే గుర్తులేదు. వాళ్లకు అసలే గుర్తుండి ఉండడు. జీపు ఆపితే దిగేవారు, ఎక్కితే పోనిచ్చేవాడు. రిటైరైన రోజు తాళాలు బల్ల మీద పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు వట్టి చేతులతో తిరిగాడు. అన్నం తినేటప్పుడు కూడా కుడి పాదం నేలను నొక్కుతూ ఉండేది. భార్య వెంకటరావమ్మ చూసి నవ్వేది.

మొన్నీమధ్య తెలిసినవాళ్ల పెళ్లికని చీమకుర్తి వెళ్లినప్పుడు, ఒక రాళ్ల క్వారీ వెనక సర్కారు తుమ్మకంపలో ఈ జీపు కనబడింది. రంగు వెలిసి, టైర్లు కూలబడి, సీట్లలో తొండలు కాపురం పెట్టి ఉన్నాయి. అయినా ముళ్లు గీరుకుంటున్నా లెక్కచెయ్యక లోపలికి దూరి, గేరు రాడ్డు పక్కనున్న చిన్న లివరు పట్టుకుని లాగాడు. అది కదిలింది. నాలుగు చక్రాలూ లాగే బండి! అతనికి పెళ్లి భోజనం సయించలేదు. సాయంత్రానికల్లా బేరం కుదుర్చుకుని, లారీ మీద ఎక్కించుకుని ఊరికి తెచ్చాడు. జీవితంలో అతను కొనుక్కున్న మొదటి బండి అది.

కడిగాడు, టైర్లు వేయించాడు, బ్రేకులు బాగుచేయించాడు. ఇంజను మొదటి రోజే పలికింది. కానీ చమురు మాత్రం ఆగలేదు. రాత్రి ఆపితే తెల్లారేసరికి వాకిట్లో నల్లటి మడుగు. ఇంజను కింద చమురు తొట్టికి కొత్త గాస్కెట్టు తనే వేశాడు. చుక్క తగ్గలేదు. మెకానిక్కు నాగూర్ వలి వచ్చి చూసి, "ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట కారుతందన్నా. వెనక సీలు పోయుంటది. ఇంజను దించాల్సిందే" అన్నాడు. ఈ రోజే గొలుసు, కప్పీ తీసుకుని వస్తానన్నాడు. ఇంజను దించడమంటే యలమందకు ప్రాణం ఒప్పలేదు. అందుకే వలి వచ్చేలోపు ఈ ఆఖరి వెతుకులాట.

"ఈ జీపు వచ్చిన కాడ్నించీ వాకిలి కడగలేక చస్తన్నా" అంది వెంకటరావమ్మ, చీపురు పట్టుకుని జీపు పక్కన నిలబడి. "నేనేసిన ముగ్గు మీద అది ఇంకో ముగ్గేస్తంది."

"కారే చోటు దొరకాలిగా."

"కింద పడుకుని వెతికితే ఎట్ట దొరుకుద్దీ? మన పాత పెంకుటిల్లు కురిసినప్పుడు, నీళ్లు మంచం మీద పడితే చిల్లు మంచం పైనే ఉండేదా? ఎక్కడో దూరి, వాసం పట్టుకుని జారొచ్చి మన నెత్తిన పడేది."

యలమంద చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఒక్క క్షణం అలాగే పడుకుని పైకి చూశాడు. తర్వాత మోచేతులు గీరుకుపోతున్నా పట్టించుకోకుండా బయటికి పాక్కుంటూ వచ్చాడు.

"నీ పౌడరు డబ్బా ఇయ్యి!"

"ఏందీ?"

"మొకానికి పూసుకునే పౌడరే! తొందరగా తే!"

బానెట్టు లేపాడు. ఇంజను పై నుంచి కింది దాకా డీజిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండకు ఆరనిచ్చాడు. డబ్బా తలకిందులు చేసి ఇంజనంతా పౌడరు చల్లాడు. నల్లటి ఇనుము తెల్లగా, పెళ్లికి ముస్తాబైనట్టు తయారైంది. వాకిలంతా మల్లెపూల వాసన. "నీ పిచ్చి తగలెయ్యా, డబ్బా మొత్తం పోశావే!" అంటూ వెంకటరావమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ అక్కడినుంచి కదల్లేదు.

స్టార్టు చేశాడు. ఇంజను వేడెక్కేదాకా ఓపిక పట్టి, బానెట్టు మీదికి వంగి, చేత్తోనే ఎక్సిలేటరు తీగ లాగాడు. ఇంజను గర్జించింది. తెల్లదనం చెక్కుచెదరలేదు. ఇంకాస్త లాగాడు.

అప్పుడు కనబడింది. ఇంజను నెత్తిన ఉండే మూతకు వెనక అంచున పౌడరు మీద కందిగింజంత తడి మచ్చ. చూస్తూండగానే అది ఉబ్బింది, పగిలింది, సన్నని దారమై వెనక్కి జారి, గేరుబాక్సు మీదుగా కిందికి దిగిపోయింది.

"దొరికింది! దొరికిందే! పైనుందే దొంగముండ!"

సరిగ్గా అప్పుడే నాగూర్ వలి మోటారుసైకిలు దిగాడు. వెనక సీటు మీద కట్టి తెచ్చిన గొలుసు గలగలలాడింది. యలమంద అతన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాడు. వలి కళ్లు చికిలించి చూశాడు.

"ఓరి దీని... అయితే సీలు కాదన్నమాట. ఆ మూత కింది గాస్కెట్టు మారిస్తే పోద్దన్నా."

"కొత్త గాస్కెట్టే వలీ అది. చూడు, ఇంకా మెరుస్తంది. తొట్టికి వేసినప్పుడే దీనిక్కూడా నేనే మార్చా. కొత్తది ఎందుక్కారుద్ది?"

వలి తల గోక్కున్నాడు. చమురు ఎంత ఉందో చూద్దామని ఇంజను నడుస్తుండగానే చమురు పోసే బిరడా తిప్పాడు. బుస్సుమంది. లోపలి గాలి వేడిగా ఎగదన్ని బిరడా అతని చేతిలోంచి ఎగిరిపోయింది. వలి అదిరిపడి వెనక్కి గెంతాడు. యలమంద మాత్రం తడి మచ్చనే చూస్తున్నాడు. అది ఆగిపోయింది. దారం తెగింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఊపిరాడటంలా దీనికి!" ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

ఇంజను లోపలి ఆవిరి బయటికి పోవడానికి వెనకపక్క ఒక సన్న గొట్టం ఉంటుంది. అది మూసుకుపోతే లోపలి గాలి దారి లేక, చమురును ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి తోసేస్తుంది. యలమంద గొట్టం ఊడదీశాడు. ఇనపతీగ దూర్చి తిప్పితే ఎర్రమట్టి పొడిపొడిగా రాలింది. ఇంకా లోపలికి పొడిస్తే గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలి, ముక్కలై అరచేతిలో పడింది. కందిరీగ కట్టిన మట్టిగూడు! కంపలో పడి ఉన్న ఏళ్లలో ఏ కందిరీగో ఆ గొట్టంలో సంసారం చేసుకుని వెళ్లిపోయింది.

నాగూర్ వలి అరుగు మీద కూలబడి పగలబడి నవ్వాడు. "కందిరీగ కోసం ఇంజను దించబోయానన్నా నేను!" యలమంద గొట్టాన్ని నోట పెట్టుకుని ఊదాడు. గాలి అవతలికి రయ్యిన పోయింది. గొట్టం బిగించి, బిరడా పెట్టి, మిగిలిన పౌడరు చల్లి, మళ్లీ ఇంజను అరిపించారు. తెల్లదనం తెల్లగానే నిలిచింది. చెమటా పౌడరూ కలిసిన ముఖంతో యలమంద పసిపిల్లాడిలా గెంతాడు.

ఆ సంబరంలో పడమట మబ్బు పట్టిన సంగతి ఎవరూ చూడలేదు. పానకాలు పరిగెత్తుకుంటూ వచ్చి చెబితేగానీ తెలియలేదు. పానకాలు వెంకటరావమ్మకు వరసకు తమ్ముడవుతాడు, పిన్ని కొడుకు. మోకాళ్ల దాకా నల్లరేగడి మెత్తుకుని ఉంది.

"బావా! ట్రాక్టరు దిగబడిపోయింది బావా! నిన్నటి జల్లుకే చేను ముద్దయింది. సగం మిరపకాయ టిక్కీలు ట్రక్కులో, సగం కల్లంలో ఉన్నయ్. ఈ వాన పడిందంటే కాయంతా బూజే. ఏడాది కష్టం బావా!"

యలమంద జీపెక్కి స్టీరింగు పట్టుకున్నాడు. వలి గొలుసును జీపు వెనకకి విసిరి తనూ ఎక్కాడు, పానకాలు అతని పక్కకు చేరాడు. యలమంద ముందు సీటు వైపు చూపించి భార్యతో అన్నాడు, "ఎక్కు."

"నేనెందుకూ?"

"బస్తాల మీద పట్టాలు కప్పటానికి మనుషులు కావొద్దూ? ఎక్కవే!"

వెంకటరావమ్మ ఎక్కబోయి, ఆగి, కాళ్లకున్న దుమ్ము దులుపుకుంది. ఆమె అలా దులుపుకోవడం చూసి యలమందకు కాలువ గట్టు గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆమె కాలువ గట్టు వెంట పత్తి కూలికి నడిచి వెళ్తుంటే, అతను ఆఫీసరును ఎక్కించుకుని ఆ పక్కనే పోయేవాడు. సర్కారు జీపులో సొంత మనుషులు ఎక్కకూడదు. అతను రోడ్డు వైపే చూసేవాడు, ఆమె దుమ్ముకు కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగేది. ఇంటికొచ్చాక ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

"దులపమాక. మన బండే" అన్నాడు.

డొంక దాటి చేలోకి దించగానే చక్రాలు జర్రుమని పక్కకు జారాయి. యలమంద చిన్న లివరు లాగాడు. ముందు చక్రాలు మేల్కొన్నట్టయింది. జీపు ఒళ్లు విరుచుకుని, బురద చిమ్ముకుంటూ, పత్తి కట్టెల మోళ్లను తొక్కుకుంటూ ముందుకు పాకింది. వెంకటరావమ్మ ముందున్న కడ్డీ రెండు చేతులా పట్టుకుని "అమ్మో! అమ్మో!" అని అరుస్తూనే నవ్వుతోంది.

ఇరుసు దాకా కూరుకున్న ట్రాక్టరుకు వలి గొలుసు తగిలించాడు. పానకాలు ట్రాక్టరెక్కాడు. యలమంద క్లచ్చి మెల్లగా వదిలాడు. గొలుసు బిగుసుకుని కిర్రుమంది. నాలుగు చక్రాలూ నల్లమట్టిని తవ్వుతున్నాయి. జీపు వణికింది, కదల్లేదు. అతను తొందరపడలేదు. గేరు మార్చకుండా, పాదం కొంచెం కొంచెం నొక్కుతూ, పొగరుబోతు కోడెను బుజ్జగించినట్టు "హా... హా... రా తల్లీ" అన్నాడు. చప్పున బురద నోరు తెరిచినట్టు చప్పుడైంది. ట్రాక్టరు పైకి లేచింది.

"వచ్చిందిరోయ్!" పక్క చేల వాళ్లు గట్ల మీదినుంచి కేకలు పెట్టారు.

ట్రాక్టరును రోడ్డెక్కించి, ట్రక్కు మీద పట్టా కప్పి మళ్లీ కల్లానికి వచ్చారు. మిగిలిన టిక్కీ బస్తాలు జీపులోకి ఎత్తి, మోసి, మళ్లీ వచ్చి ఎత్తారు. మిరప ఘాటుకు అందరికీ తుమ్ములు, కళ్లలో నీళ్లు. యలమంద మధ్యలో ఒకసారి ఎడమ భుజం పట్టుకుని నిలబడ్డాడు. "ఏం బావా?" అంటే, "బరువెత్తి ఎన్నాళ్లయిందిరా" అని మళ్లీ వంగాడు. ఆఖరి టిక్కీ పానకాలు ఇంటి పంచలో పడేసరికి వాన దభీమని దిగింది. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాల్సిన పంట పొడిగా మిగిలింది. పానకాలు యలమంద రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. వలి యలమంద ఇంటి దగ్గరున్న మోటారుసైకిలు కోసం వానలోనే బయల్దేరి, "కందిరీగకు నా సలాం చెప్పన్నా!" అని అరుస్తూ వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి వాన వెలిసింది. పొద్దుగూకే ముందు ఎండ పచ్చగా వచ్చి తడి వాకిలి మీద పడింది. యలమంద జీపును పశువుల రేకుల పంచ కిందికి, పొడినేల మీదికి ఎక్కించి ఆపాడు. చొక్కా విప్పి, పిండీ పిండకుండా పక్క అద్దానికి తగిలించాడు.

"నీళ్లు కాగినయ్, పోసుకుందువుగానీ రా" అంది వెంకటరావమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

"ఒక్కసారి కింద చూసొస్తానుండవే."

కిందికి దూరిన కాసేపటికి అతని గొంతు వినబడింది. "ఒక్క చుక్క లేదే! ఒట్టు. ఒక్క చుక్క లేదు. రేపు కనిగిరి పోదాం, మీ చెల్లెలింటికి. బస్సులో కాదు."

"పోదాంలే. ముందు నువ్వు లే."

ఆమె వేన్నీళ్లలో చన్నీళ్లు తొరిపి, తుండుగుడ్డ, సబ్బు దండెం దగ్గర పెట్టింది. పిలిచింది. ఇంకోసారి పిలిచింది. జీపు కింది నుంచి రెండు పాదాలు బయటికి కనబడుతున్నాయి. రేగడి ఆరి తెల్లబారుతోంది. ఆమె వెళ్లి పక్కన చతికిలబడి కుడి పాదం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ ఏదో ఒకటి నొక్కుతూ ఉండే ఆ పాదం కదల్లేదు. ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు. అరవలేదు కూడా. చీకటి పడుతుండగా మిరపకాయల సంచి ఇద్దామని వచ్చిన పానకాలే అరిచాడు.

అతన్ని బయటికి తీసినప్పుడు, వాన కడిగినా ముఖం మడతల్లో పౌడరు ఇంకా చారలుగా ఉంది. కింద నేల పొడిగా ఉంది. మనుషులు వస్తున్నారు, మంచం వేస్తున్నారు, ఎవరో కనిగిరి చెల్లెలికి ఫోను చేస్తున్నారు. జీపు అద్దానికి వేలాడుతున్న చొక్కా సంగతి ఎవరికీ గుర్తులేదు. దాని చేతి అంచు నుంచి వాననీరు చుక్క చుక్కగా కారుతూనే ఉంది.