కంబళి కప్పిన గుండు

హెలికాప్టర్ మా గుట్ట మీది తెల్లగుండు దగ్గరే ఎందుకు తిరుగుతుందో తెలుసుకోవాలని నాకు మహా యావ. ప్రతి గురువారం పొద్దున మడకశిర అవతల, కర్ణాటక వైపు నుంచి ఒక చిన్న మిలిటరీ హెలికాప్టర్ వచ్చేది. ఎంత కిందగా అంటే, దాని గాలికి కానుగాకులు రాలేవి, నా గొర్రెలు బెదిరి తలో దిక్కుకు పరుగెత్తేవి. గుండు దాటగానే ఎడమకు ఒరిగి, ఎండిన వంక వెంబడి వెళ్లిపోయేది. నేను పైలట్ ఏడు తరాలనూ తిట్టేదాన్ని. తిడుతూనే మెడ నొప్పి పుట్టేదాకా చూసేదాన్ని.

"దానికి దారి ఎట్ల తెలుస్తాది?" అని మా ఆయన ఓబుళేసును అడిగితే, "నీకెందుకే ఆ గోల? గొర్రెల్ని చూసుకో పో" అనేవాడు.

ఆ గుండు, అదే ఆ పెద్ద బండ, గొర్రెలు కాసేవాళ్ల దేవుడు. ఏటా వానలకు ముందు సున్నం కొట్టి పూజ చేస్తాం. 2003లో పూజ చేసినా వాన మొహం చాటేసింది. మా ఆయన అన్న ఈశ్వరప్పే పూజారి. "స్వామి అలిగి ఎదురుగుట్టకు పోయినాడు" అని తేల్చేశాడు. అందరం కలిసి పాతగుండు మీద సున్నం గీకేసి, ఎదురుగుట్ట గుండుకు తెల్లగా పూశాం.

ఆ గురువారం హెలికాప్టర్ పాతగుండు దగ్గర తిరగలేదు. నేరుగా పోయి, కొత్త తెల్లగుండు దగ్గర ఒరిగి, పక్కనున్న కనుమలో దూరింది. ఇన్నాళ్లూ వాళ్లు గుర్తు పెట్టుకున్నది మా సున్నాన్నే! ఆ రోజు నాకు అన్నం కూడా సయించలేదు, అంత సంతోషం.

అది ఆదివారం దాకే. ఆ కనుమకు అటూ ఇటూ నిలబెట్టిన కరెంటు టవర్లకు ఆ రోజు కూలీలు తీగలు లాగారు. కింద నిలబడి చూశాను. టవర్లు కనబడ్డాయి గానీ, దుమ్ము కమ్మిన ఆకాశంలో తీగలు కనబడలేదు. వచ్చే గురువారం వాళ్లు మళ్లీ ఇందులోనే దూరితే? పనివాళ్ల మేస్త్రికి చెబితే నవ్వాడు.

ఈశ్వరప్ప దగ్గరికి పరుగెత్తాను. "బావా, ఆ సున్నం గీకేద్దాం. లేకుంటే హెలికాప్టర్ తీగలకు తగులుకుంటాది."

"దేవుని మింద సున్నం గీకేదా? నీకు బుద్ధుండాదా సిద్దమ్మా?"

"మొన్న పాతగుండుకు గీకితిమి కదా?"

"అప్పుడు స్వామి ఆడ లేడు."

నాకు కోపం నషాళానికి అంటింది. అంతలోనే దారి తట్టింది. "సరే, గీకొద్దులే. కంబళి కప్పుదాం."

"ఈ ఎండలోనా?"

"అలిగినోనికి మర్యాద చెయ్యొద్దా?"

మాలో దేవుడికి కంబళిని మించిన మర్యాద లేదు. ఆయన సరేనన్నాడు.

బుధవారం ఆడవాళ్లందరం ఇంట్లో ఉన్న నల్లకంబళ్లు మోసుకుపోయి, కొత్తగుండుకు కప్పి తాళ్లతో బిగించాం. తర్వాత నేనూ మా ఆయనా పాతగుండుకు సున్నం కొట్టాం.

"ఆడ స్వామి లేడంటిని కదా, సున్నం ఎందుకు?" అన్నాడు ఈశ్వరప్ప.

"స్వామికి కాదు బావా, హెలికాప్టర్‌కు."

గురువారం పొద్దున ముగ్గురం పాతగుండు పక్కనే నిలబడ్డాం. శబ్దం ముందు వినబడింది, తర్వాత అది కనబడింది. తిన్నగా కనుమ వైపే పోతున్నట్టుంది. కానీ మా గుండు మీదికి రాగానే ఎడమకు ఒరిగింది. మొదటిసారి పైలట్‌ను చూశాను. హెల్మెట్ పెట్టుకున్న తల వంచి గుండు వైపు చూసి, నుదుటికి చెయ్యి ఆనించి, వంక వెంబడి వెళ్లిపోయాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

"చూస్తివా, మిలిటరీవాడు గూడా స్వామికి మొక్కినాడు" అన్నాడు ఈశ్వరప్ప.

"ఈ గుండులో స్వామి లేడని నువ్వే కదా బావా చెప్పింది?"

ఆయన నిన్న అక్కడే ఉంచిన నా సున్నం డబ్బాలోని కుంచె తీసుకుని, వంగి, గుండు అడుగున నేను వదిలేసిన చోట సున్నం పూయసాగాడు.